తొట్టి అద్దం మీద కాటుక చుక్క

అత్తమ్మ పోయిందని ఎల్లారెడ్డి నుంచి మా బావగారు ఫోన్ చేసినప్పుడు, నేను కామారెడ్డిలో మా ఇంట్లో చేపల తొట్టి అద్దం తుడుస్తున్నాను. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు ఒరుగుతానని మంచమెక్కిందట. మళ్లీ లేవలేదట. నిజమేనా అని రెండుసార్లు అడిగాను. ఆయన విసుక్కోలేదు. ఆ ఇంట్లో ఎవరైనా అంతే అడుగుతారని ఆయనకు తెలుసు.

అత్తమ్మ దేన్నీ ఊరికే నమ్మేది కాదు. పాలు వస్తే ఒక చుక్క గోటి మీద వేసి, నిలుస్తుందో జారుతుందో చూసేది. బస్సు మీద కామారెడ్డి అని రాసి ఉన్నా కండక్టర్‌ను అడిగేది. ఆయన అవునంటే, పక్క సీటామెను అడిగేది. ఇక మా పాపకు పట్టే మందులైతే, ప్రతిదీ ముందు తన నోట్లో ఒక చుక్క వేసుకోవాల్సిందే. "నాలుక మీద వెట్టకుంట దేన్నీ నమ్మొద్దు బిడ్డా. కండ్లు మోసం జేస్తయి గని నాలుక జెయ్యది" అనేది.

పిల్లలు పుట్టరని ఊరంతా తేల్చేశాక, నేనూ దాదాపు ఒప్పుకున్నాక, సముద్రపు చేపలను పెంచడం మొదలుపెట్టాను. జంతుశాస్త్రం చదివే రోజుల నాటి కోరిక అది. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలున్న రెండు చేపలు, పువ్వుల్లా విచ్చుకునే రెండు చిన్న పగడాలు హైదరాబాద్ నుంచి థర్మకోల్ పెట్టెలో బస్సెక్కి వచ్చాయి. అత్తమ్మ చూడటానికి వచ్చి, తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"థూ! గీ ఉప్పు కషాయంల చేపలెట్ల బతుకుతయే? నిన్నెవడో మోసం జేసిండు."

నలభై దాటాక పాప పుట్టింది. అత్తమ్మ బట్టల సంచితో వచ్చేసింది. ఆమె వచ్చింది నాకు ఆసరాగానా, నా మీద నిఘాగానా అన్నది చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ఆమెకేమో చేపల మీద అనుమానం.

"గా పెద్ద చేప పిల్ల దిక్కే సూస్తుంది."

"అద్దంల దాని నీడ అది చూసుకుంటుంది అత్తమ్మా."

"నీకెట్ల దెలుసు? నువ్వేమన్న చేపవా?"

ఉప్పునీళ్ల తొట్టికి రోజూ ఒక పని ఉంటుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఎటూ పోదు. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్లే పోయాలి. పాలివ్వడం, గుడ్డలు మార్చడం, దొరికినప్పుడు కునుకు తీయడం మధ్య ఆ పని జారిపోతోంది. తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు మా ఆయన. మా అమ్మా అదే అంది. ఏమీ అననిది అత్తమ్మ ఒక్కతే. ఆ ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

రోజూ పొద్దుగూకే వేళకు ఆమె రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి పాపకు దిష్టి తీసేది. మిరపకాయలు మంటలోకి. ఉప్పు మాత్రం ఎవరూ తొక్కని నీళ్లలో కరగాలట.

ఒకనాడు చూస్తే పగడాలు ముడుచుకుపోయి ఉన్నాయి. చేపలు అడుగున నక్కి ఎగపోస్తున్నాయి. ఉప్పు కొలిచే మీటర్ పెట్టి చూశాను, ఉప్పు బాగా పెరిగింది. విచిత్రమేమిటంటే, నేను కొన్ని రోజులుగా నీళ్లు పోయకపోయినా తొట్టి నిండుగానే ఉంది. వంటింట్లో రాళ్లుప్పు డబ్బా సగమైంది. ఎవరూ తొక్కని నీళ్లు మా ఇంట్లో ఇంకెక్కడున్నాయి?

చేపల సంగతి అలా ఉంచండి. నా సెలవు అయిపోవస్తోంది. నేను పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్తే పాప ఉండాల్సింది ఈ చేతుల్లోనే. నాకు తెలియకుండా తొట్టిలో ఉప్పు వేసే మనిషి, నాకు తెలియకుండా పాప నోట్లో ఏం పోస్తుందో?

మర్నాడు ఆమె కాళ్లు చాపుకుని, పాపను వాటి మీద వేసుకుని నూనె రుద్దుతుండగా అడిగేశాను.

"అత్తమ్మా, దిష్టి ఉప్పు తొట్టిల ఏస్తున్నవా?"

ఆమె చేయి ఆగింది. "నా బిడ్డ దిష్టి దీస్కపోయి మూగజీవాలకు వెడ్తనా? మోరి నీళ్లల వోస్తున్న."

"మరి తొట్టిల ఉప్పెట్ల పెరిగింది?"

మళ్లీ పాప పాదాలు రుద్దడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే చెప్పింది. "నువ్వు పండుకుంటివి. నీళ్లు తగ్గితే గా తొట్టి మోటరు గుర్రుమంటుంది. పిల్ల లేస్తది, నువ్వు లేస్తవు. సముద్రం నీళ్లంటివి గదా, ఉప్పు గలిపి వోసిన. ఉత్తగనే వొయ్యలే. నాలుక మీద వెట్టి సూసిన. రెండూ ఒక్క తీరే ఉన్నయి."

అదే తప్పు. రెండూ ఒక్క తీరే ఉండటమే తప్పు. ఉప్పు పోదని, నీళ్లే పోతాయని చెప్పాను.

"అంటే పప్పుచారు మరిగి చిక్కవడితే నీళ్లు వోసినట్టా?"

"అంతే."

"గంత మాట ముందుగాల చెప్తే నీ నోటి ముత్యాలు రాల్తుండెనా?"

నీళ్లు మార్చాక చేపలు తేరుకున్నాయి. ఒక పగడం మాత్రం మళ్లీ విచ్చుకోలేదు. అది చూసి నేనే అన్నాను, ఇక తొట్టి తీసేద్దామని. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నీ మొగన్ని గట్టు మీద గొంగడిల పండవెట్టి నాట్లేసిన. పిల్ల వుట్టిందని పొలం బీడు వెడ్తరా ఎవలన్న?" అంది. నా మీది ప్రేమతో అందో, పగడం పోయిందన్న బాధతో అందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ సెలవు అయ్యాక పాపను ఆమె ఒళ్లో పెట్టి కాలేజీకి వెళ్లాను. దారి పొడవునా నాకు భయం వేయలేదు.

ఆ సాయంత్రం వచ్చేసరికి తొట్టి అద్దం మీద, నీళ్లు ఎంతవరకు ఉండాలో సరిగ్గా అక్కడ, ఒక కాటుక చుక్క ఉంది. పాప బుగ్గ మీద పెట్టిన వేలితోనే పెట్టింది. చేపలకు దిష్టి తగలకుండానా, చేప చూపు పాపకు తగలకుండానా అని అడిగాను. "నీకెందుకు? నీళ్లకు గుర్తయితుందా లేదా?" అంది. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక ఎల్లారెడ్డికి తిరిగి వెళ్లిపోయింది. వచ్చినప్పుడల్లా ఆ చుక్కను కొత్తగా దిద్దేది.

ఫోన్ వచ్చినప్పుడు కూడా నేను ఆ చుక్కను తప్పించే అద్దం తుడుస్తున్నాను.

దినాలు ముగించుకుని నిన్న ఇంటికి వచ్చాం. నీళ్లు చుక్క కిందికి దిగిపోయాయి. మోటరు గుర్రుమంటోంది. బిందెలో మంచినీళ్లు తెచ్చాను. అవి మంచినీళ్లేనని నాకు తెలుసు, నా చేత్తోనే పట్టాను. అయినా ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, అప్పుడు పోశాను. నీళ్లు మెల్లగా లేచాయి. పెద్ద చేప పైకి వచ్చి కాటుక చుక్క వెనకాల నిలబడి, నా పక్కనున్న పాప వైపే చూస్తోంది.