ఆయ్ లేక ఆగిన కేసెట్

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా పెరట్లో గంగాబొండం కొబ్బరిచెట్టు మీద ఒట్టు. దాని నీళ్లు తాగుతూనే ఇది రాస్తున్నాను.

మా మావయ్యది అమలాపురంలో కొబ్బరికాయల వ్యాపారం. పల్లెపాటలు కట్టి పాడటం ఆయనకి పిచ్చి. చుట్టుపక్కల ఆయన పాడని పెళ్లిపందిరి లేదు. అట్ట మీద తన ఫొటోతో ఒక్క కేసెట్ రావాలన్నది జీవితాశయం. ఫొటో ముందే తీయించేశారు. పాటలకి రాజమండ్రిలో స్టూడియో ఒక్కరోజుకి దొరికింది. మర్నాటి నుంచి ఎవరో భక్తిపాటల వాళ్లకి ఇచ్చేశారట.

డప్పు, హార్మనీ వాళ్లతో పాటు నేనూ, పులిహోర క్యారేజీతో మా అత్తయ్యా వ్యానెక్కాం. ఆయన పాటంటే ఆవిడకి మొదటినుంచీ పడదు. ఆయన తిండి మర్చిపోతారనే వచ్చింది.

మావయ్యని అద్దాలగదిలో కూర్చోబెట్టి తలుపేశారు. ఇవతల నుంచి రికార్డింగు ఇంజనీరు చెయ్యి ఊపాడు. మావయ్య గొంతెత్తి, “పడవ దిగి వచ్చెనమ్మా పెళ్లికూతురూ” అని ఆగిపోయారు.

“ఏమైందండీ?” అన్నాడు ఇంజనీరు మైకులో.

“పెళ్లికూతురు దిగిందన్నానా? ఒక్కరూ ఏమీ అనరేంటండీ?”

మా వైపు చెప్పేవాడికి ‘ఆయ్’ అనకపోతే విన్నట్టు కాదు. పందిట్లో ఆయన చరణం ఆపగానే జనం ఆయ్ అంటారు. ఆ ఊపుమీదే తర్వాతి చరణం వస్తుంది. ఇక్కడేమో నాలుగు గోడలకీ దూది.

“నేను తలూపుతానండీ,” అన్నాడు ఇంజనీరు.

“మీరు తలూపుతుంటే బేరం కుదరనట్టుందండీ.”

ఇంజనీరు ఆయ్‌కి బదులు ‘ఓకే సార్’ అని చూశాడు. మావయ్య చెవులమీది హెడ్‌ఫోన్లు తీసేశారు. బతిమాలి మళ్లీ పెట్టించి, నేను మైకందుకుని నిండుగా ఆయ్ అన్నాను.

“నీ ఆయ్ నమ్మబుద్ధి కాదురా అల్లుడూ. నోరు తెరిస్తే కోతలేగా!”

మధ్యాహ్నం దాటింది. ఒక్క పాటా కాలేదు. మావయ్య అద్దంలోంచి మా వైపు చూస్తూ, ఫొటో అనవసరంగా తీయించుకున్నానన్నట్టు దువ్విన జుట్టు చెరుపుకున్నారు. అత్తయ్య క్యారేజీ మూతపెట్టి లేచి మైకు లాక్కుంది.

“పాడండి. పొద్దుపోతే వ్యానబ్బాయి సణుగుతాడు.”

“పడవ దిగి వచ్చెనమ్మా పెళ్లికూతురూ...”

“ఆయ్.”

పెళ్లయ్యాక ఆయన మాటకి ఆవిడ ఆయ్ అనడం అదే మొదలు. మావయ్య గొంతు పందిట్లో లేచినట్టు లేచింది. మధ్యలో ఆవిడే, “ఆయ్... బురదండీ, దాని చెప్పులేవీ?” అనడిగింది. ఆయన అప్పటికప్పుడు చెప్పుల మీద ఒక చరణం కట్టేశారు. చీకటి పడకముందే అన్ని పాటలూ అయ్యాయి. ఇంజనీరు ఆవిడ మైకు కట్టెయ్యడం మరిచాడు. కేసెట్ నిండా ఆవిడ ఆయ్‌లే.

ఆ కేసెట్ రాజోలు బస్సులో వేస్తే బస్సంతా ఆయ్ అంది. పి.గన్నవరం దాటాక కాలవలో గేదెలు కూడా తలలెత్తి అందుకున్నాయి.

సరే, ఒప్పుకుంటాను. బస్సూ గేదెలూ నా కల్పన. కేసెట్లు అమ్ముడుపోలేదు. కొట్లో కొబ్బరి బస్తాల పక్కనే పడి ఉన్నాయి. మిగతాదంతా చెట్టు మీద ఒట్టే.

ఒక సాయంత్రం మావయ్య ఇంట్లో టేపు పెట్టుకుని, “బాగా కుదిరింది కదే?” అన్నారు.

“చాల్లెండి,” అంది అత్తయ్య వంటింట్లోంచి.

మావయ్య టేపు వెనక్కి తిప్పి, ఆయ్ దగ్గర సౌండు పెంచారు.