ఎల్లమ్మ పొట్టేలు

మొన్న ఆదివారం కోడలు మేక కార్జం కడుగుతుంటే, అలవాటు చొప్పున ఒక ముక్క తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. "ఎప్పుడూ ఏం దేవులాడ్తరు అత్తమ్మా?" అని నవ్వింది. నేనూ నవ్వి ముక్కను గిన్నెలో వేశాను. తిండి పెట్టిన దేవుడికి దండం పెట్టుకున్నాను గానీ, ఆ పూట ఆ కూర వడ్డించుకోలేదు.

నేను లంగా కట్టే రోజుల్లో, భువనగిరి దిక్కున మా ఇంటికి గొర్రెల మందే బతుకు. చిన్నాయన పెళ్లయి మూడేళ్లు దాటాక మా అవ్వ, మనవడు పుడితే ఇస్తానని ఒక పొట్టేలును ఎల్లమ్మకు మొక్కింది. మొక్కిన జీవం గొర్రెల్ని దాటితే మంద పెరుగుతుందని దాన్నే విత్తనపు పొట్టేలుగా ఉంచి, మిగతా మగవాటిని అంగడికి తోలేశారు. ఇంట్లో బెల్లం ముక్క ముందు దానికి, తర్వాతే మాకు. మందంతా గుట్ట మీద ఎండుగడ్డి కొరుకుతుంటే, దాన్ని మాత్రం నీళ్లు తగ్గిన చెరువు శిఖంలోకి, నత్తలు పాకే తడి పచ్చికలోకి తోలేవారు. అమ్మవారి సొమ్ము పచ్చటి మేతే తినాలని అవ్వ పట్టుదల. పశువుల దవాఖాన కంపౌండరు కడుపులో పురుగులకు మందు తాపడానికి వచ్చినప్పుడు గొర్రెలన్నిటినీ పట్టిచ్చింది గానీ, పొట్టేలును తాకనివ్వలేదు. "ఎల్లమ్మకిచ్చిన నోట్లె చేదు పోస్తవా కొడుకా?" అంది. పొట్టేలుదీ అదే మాట కాబోలు, కంపౌండరును వెనక నుంచి ఒక్క పోటు పొడిచి కుడితి గోలెంలో కూర్చోబెట్టింది.

తర్వాతి ఏడు నవ్వులు లేవు. ఒక్క గొర్రె కూడా చూడి కట్టలేదు. పొట్టేలు దవడ కింద నీరు దిగింది, వెన్నెముక తేలింది. గొర్రె పక్కన నిలబడితే వాసన చూసి, మొహం తిప్పుకుని పడుకునేది. అమ్మవారికి కోపమొచ్చిందనుకున్నారు. ఎవరి మీద అంటే, పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండని చిన్నమ్మ మీద. రోజూ గొర్రెలకు నీళ్లు పెట్టేది ఆమే. పనులు తీరాక కట్టెల పొయ్యి బూడిద నేల మీద పరిచి, నాకు అక్షరాలు దిద్దించిందీ ఆమే. మొదట అవ్వ ఆమెను దొడ్డిలోకి రానివ్వలేదు. తర్వాత, "దీని చెయ్యి తాకిన జీవం ఒక్కటన్న కట్టిందా?" అని నలుగురిలో అంది. చిన్నాయన గొంగడి భుజాన వేసుకుని మంద వెంట వెళ్లిపోయాడు. చీరల మూటతో చిన్నమ్మను నార్కట్‌పల్లి అవతల ఉన్న పుట్టింటికి పంపేశారు.

ఆమె వెళ్లాక కూడా ఏ గొర్రె కట్టలేదు. చలికాలం మొదట్లో పొట్టేలు చచ్చిపోయింది. పసుపు బట్ట కప్పి పూడుద్దామని అవ్వ అంటుంటే, తాత వినకుండా కత్తి తీశాడు. కార్జం గట్టిపడి, గడ్డలు కట్టి ఉంది. కోస్తే మట్టి రంగులో చదునైన పురుగులు, తడి ఆకుల్లా చుట్టుకుని బయటికొచ్చాయి. బీజాలు సగానికి కుంచించుకుపోయాయి. తాత చాలాసేపు చేతులు కడుక్కోలేదు. "శిఖం గడ్డి జలగలు. లోపమంత పొట్టేలుదే" అన్నాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడే తాత, చిన్నాయన కలిసి చిన్నమ్మ పుట్టింటికి బండి కట్టారు. నన్నూ ఎక్కించుకున్నారు, నన్ను చూస్తే చిన్నమ్మ మెత్తబడుతుందని. ఆమె తాతకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది, అందరికీ అన్నం పెట్టింది. తాత సంగతంతా చెప్పి, ఇక ఇంటికి రమ్మన్నాడు. ఆమె గడప దగ్గరే నిలబడి నెమ్మదిగా అంది: "పొట్టేలును కోసి చూస్తె గొర్ల మీది నింద పోయింది మామా. నా మీది నింద పోవాల్నంటె ఎవల్ని కోసి చూస్తరు?"

చిన్నాయన పోయి బండికి ఎడ్లు కట్టాడు. బండి ఖాళీగానే తిరిగొచ్చింది.

ఆయనకు మళ్లీ పెళ్లి చేశారు. కొత్తగా వచ్చిన ఆమెకూ పిల్లలు కలగలేదు. ఈసారి అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు, ఎల్లమ్మకు ఏ జీవాన్నీ మొక్కలేదు. చిన్నమ్మ పుట్టింట్లోనే ఒంటరిగా కన్నుమూసిందని ఎప్పుడో తెలిసింది. ఆమె బూడిదలో దిద్దించిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఆమెకు నేను పెట్టగలిగిన దండం ఇదొక్కటే. బూడిదలో రాసిన రాతను ఆమె అరచేత్తో తుడిచి మళ్లీ దిద్దించేది. కాలం అన్నిటినీ అలాగే తుడుస్తూ వచ్చింది, ఆ గడప దగ్గరి మాటను తప్ప.