పెద్దబాపు గుండె జాలీని నేను రిజెక్ట్ చేసిన వైనం

మా పెద్దబాపు గుండెకు రెండు గండాలొచ్చాయి. మొదటిది రక్తనాళం పూడుకుపోవడం. రెండోది నేను. మొదటిదానికి డాక్టర్లు ఉపాయం కనిపెట్టారు. రెండోదాని సంగతి వినండి.

తొంభైల చివరి రోజులు. సోలాపూర్ కొంతం చౌక్ వెనక మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, కార్ఖానా పెట్టి తువ్వాళ్ళు, చద్దర్లు నేయించేవాడు. నేను అక్కడ చెకింగ్ మాస్టర్ని. బట్టను ఏటవాలుగా పట్టి ఒక్క గుంజు గుంజాలి. వదలగానే నేత సర్దుకుంటే పాస్, సాగి అలాగే ఉండిపోతే రిజెక్ట్. ఈ మాత్రం దానికి చెవి సందున పెన్సిలు పెట్టుకుని పెద్ద ఇంజనీరులా తిరిగేవాణ్ణి. నవ్వకండి, అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

ఒకరోజు పెద్దబాపుకు ఛాతీలో నొప్పి వచ్చింది. హోట్గి రోడ్డు ఆస్పత్రిలో చూసి, గుండెకు పోయే నాళం దాదాపు మూసుకుపోయింది, వెంటనే స్టెంటు వెయ్యకపోతే ప్రాణానికే ముప్పు అన్నారు. నొప్పి కాస్త తగ్గగానే పెద్దబాపు ఇంటికొచ్చేశాడు. వివరాలు కనుక్కురమ్మని ఇంట్లోవాళ్ళు నన్ను పంపారు. పదో తరగతి రెండో దండయాత్రలో గట్టెక్కిన మేధావిని మరి!

డాక్టరు మహా ఓపికమంతుడు. నమూనా స్టెంటు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. విరిగిన అగ్గిపుల్ల ముక్కంత ఉంది.

"ఎవరు నేసిన్రు సార్?"

"నెయ్యలేదయ్యా. సన్నటి స్టీలు గొట్టాన్ని లేజరుతో జాలీలా, అంటే వల కన్నాల్లా కోస్తారు. లోపల బెలూను పెట్టి నాళంలోకి పంపి ఉబ్బిస్తే జాలీ విచ్చుకుంటుంది."

పడుగు లేదు, పేక లేదు. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

"మల్ల ఖరాబ్ గాదా?"

"కొందరికి జాలీ కన్నాల్లోంచి కండ పెరిగి మళ్ళీ పూడుతుంది. అందుకే పైన మందు పూత పూసి, ఆ మందు మెల్లమెల్లగా ఊరేలా చెయ్యాలని విదేశాల్లో ప్రయత్నిస్తున్నారు. మన దాకా ఇంకా రాలేదు. ఇది పూత లేనిది. అయినా ఇప్పుడు మీ పెద్దబాపును కాపాడేది ఇదే."

ఇంతలో ఫోను మోగి ఆయన అటు తిరిగాడు. చెకింగ్ మాస్టరు చేతికి మాలు చిక్కితే ఊరుకుంటాడా? పెన్ను రిఫిల్ మొన దూర్చి ఒక్క గుంజు గుంజాను. జాలీ విచ్చుకుంది. రిఫిల్ తీశాను. విచ్చుకునే ఉంది. బతిమాలినట్టు నిమిరాను. వెనక్కి వస్తే ఒట్టు! దాన్ని బల్లమీద పెట్టి పిల్లిలా జారుకున్నాను.

"పెద్దబాపూ, మాలు రిజెక్ట్!" అని వాకిట్లోంచే కేక పెట్టాను.

బీడీలు చుడుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏందిరా?"

"ఒక్కపారి గుంజితే సాగింది, వాపస్ రాలే. పైన పూత గూడ లేదంట. డాక్టరే చెప్పిండు."

పెద్దబాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. "పూత లేదా? గంజి వెట్టని నూలు మగ్గం మీదనే ఎక్కియ్య. గసొంటిది నా గుండెల ఎక్కిస్తరా? ఆపరేషన్ క్యాన్సిల్!"

సాయంత్రం దాకా మా గల్లీకి నేనే హీరోని. సాయంత్రం పెద్దబాపుకు మళ్ళీ నొప్పి వచ్చింది. ఒళ్ళంతా చెమటలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క పరుగున డాక్టరు దగ్గర వాలాను.

"నా నమూనా పాడుచేసింది నువ్వేనా?" అంటూ ఆయన తల పట్టుకున్నాడు. "వెనక్కి రాకపోవడమే దాని పనిరా నాయనా! విచ్చుకున్నది మళ్ళీ ముడుచుకుంటే నాళం మూసుకుపోదూ? వెంటనే తీసుకురా. ఆలస్యమైతే మనిషి దక్కడు."

ఇంటికొచ్చి పడ్డాను. "పెద్దబాపూ, మాలు పాస్!"

"పొద్దుగాల రిజెక్ట్, పొద్దుమీకి పాసా? డాక్టరు కమీషన్ ఇచ్చిండారా?"

"లే పెద్దబాపూ! గది వాపస్ రావద్దంట!"

"సాగిన మాలు మంచిదని నాకే జెప్తవా? మీసాలు రానప్పటి సంది నేస్తున్న!"

కాళ్ళు పట్టుకున్నాను. కదల్లేదు. నా తెలివి పుణ్యమా అని మనిషి పోతాడేమోనని భోరున ఏడ్చాను, నిజంగానే.

అప్పుడు పెద్దమ్మ బీడీల చాట పక్కన పెట్టింది. "ఏమయ్యో, మొన్న హైదరాబాద్ పోయిన తువ్వాల్లు ఎవడు పాస్ జేసిండు?"

"ఈడే."

"ఏమైనయి?"

"వాపసొచ్చినయి."

"ఈడు రిజెక్టని అవతల వారేసిన చద్దర్లో?"

పెద్దబాపు నన్ను ఎగాదిగా చూశాడు. "మనమే కప్పుకుంటున్నం. ఎంత ఉతికినా చినుగుతలేవు."

"మరి? ఈడు రిజెక్ట్ జేసిండంటే గది ఫస్ట్ క్లాస్ మాలే. లే, చెప్పులేస్కో."

పెద్దబాపు మంచం కింద చెప్పుల కోసం కాలితో వెతికాడు. "గిది మాట! రిక్షా పిలువుర్రి" అన్నాడు. డాక్టరు చదువుకూ నా కన్నీళ్ళకూ లొంగని మనిషి నా చేతకానితనానికి లొంగాడు.

స్టెంటు వేశారు. మర్నాడు వార్డులో పెద్దబాపు ముఖం తేటగా ఉంది. సంతోషం పట్టలేక, "పెద్దబాపూ, నువ్వు పాస్!" అనేశాను.

ఆయన రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకున్నాడు. "నీ నోరు వడిపోను! రిజెక్టనురా, నన్ను రిజెక్టను!"

అన్నాను, వార్డంతా వింటుండగా.

ఆ ఆస్పత్రి మెట్ల మీదే, పడుగు పేకల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మనిషి ఒంట్లోకి పోయే వస్తువు దేన్నీ గుంజి చూడను. తువ్వాళ్ళ విషయంలో ప్రతిజ్ఞ అక్కర్లేకపోయింది. ఇంటికి రాగానే పెద్దబాపు ఆ ఉద్యోగం పెద్దమ్మకు ఇచ్చేశాడు.