వంకరకొమ్ము వట్టిదన్న రోజు

ఉరుగ్వేలోని తక్వరెంబో కొండల్లో దెల్మీరా ఒలివేరా పేరెత్తితే ఎవరైనా ముందు ఆమె ఆవుల సంగతే చెబుతారు. అరవై దాటిన మనిషి. మాంసానికి దూడలనిచ్చే ఆవులు నూట పది. ఏ ఆవు ఎప్పుడు ఈనిందో, దూడ ఎంత బరువుతో పాలు మానిందో పుస్తకం తెరవకుండానే చెప్పేది. ఆమెది ఒకటే చట్టం: ఏడాదికో దూడ. ఇవ్వని ఆవు ఎంత అందగత్తె అయినా కబేళా లారీ ఎక్కాల్సిందే.

తమ్ముడు బ్రౌలియోకి ఈ చట్టం గిట్టదు. నున్నటి వీపు, నిండైన తొడలు కనబడితే చాలు, అతను మురిసిపోతాడు. అక్కకి ప్రాణమైన వంకరకొమ్మును చూస్తే అతనికి నవ్వు. పొట్టి ఆవు, డొక్కలు తేలి ఉంటాయి, ఒక కొమ్ము కంటిమీదికి వాలింది. అయితేనేం, తొమ్మిదేళ్లలో తొమ్మిది ఈతలు. మందలో అన్నిటికంటే ముందే ఈనేది.

"అదేం ఆవక్కా, మేకకి చెల్లెల్లా ఉంది."

"దాని దూడ పాలు మానేనాటికి తల్లి బరువులో సగం దాటుతుందిరా. నీ అందగత్తెలు మేసిందంతా వీపుకే పెట్టుకుంటారు. అందుకే ఆ నునుపు!"

ఆ మే నెలలో చూడి పరీక్షకి డాక్టరు ఇనెస్ వచ్చింది. భుజం దాకా తొడుగు వేసుకుని, చెక్కల ఇరుకు బాటలో నిలబెట్టిన ఆవులను ఒక్కొక్కటిగా లోపలికి చెయ్యి పెట్టి చూస్తోంది. ఆమె "వట్టిది" అంటే బ్రౌలియో గుర్తుగా తోక కుచ్చు కత్తిరించాలి. పొద్దున పల్లపు బీటిలో మేసిన అరవై ఆవులను చూస్తే నాలుగే వట్టివి. ఆ తర్వాత కొండమీది యాభై వచ్చాయి. మొదటిదే వంకరకొమ్ము.

"వట్టిది," అంది ఇనెస్.

బ్రౌలియో పగలబడి నవ్వాడు. "అక్కా! చట్టం చట్టమేగా? కత్తిరించెయ్యనా?"

దెల్మీరా తలెత్తే చెప్పింది. "కత్తిరించు."

తర్వాతదీ వట్టిదే. దాని తర్వాతదీ అంతే. పదో కుచ్చు తెగేసరికి బ్రౌలియో నవ్వు ఆగిపోయింది. ఆఖరికి యాభైలో ముప్ఫై ఒకటి వట్టివని తేలాయి. దెల్మీరా ఆ ముప్ఫై ఒక్క ఆవుల మధ్యకి వెళ్లి వీపులు నిమిరింది. కండ పట్టే ఉన్నాయి, జబ్బు లక్షణం లేదు.

"ఇన్నీ కూడబలుక్కుని ఒకేసారి బద్ధకించాయా? కొండమీదికి ఏ ఆంబోతును వదిలావురా?"

"మన ముసలిదాన్నీ... చక్రవర్తినీ."

చక్రవర్తి అంటే కిందటేడు సంతలో మెడలో మొదటి బహుమతి నీలి రిబ్బను చూసి అతను కొన్న ఆంబోతు.

"పరీక్ష చేయించావా?"

"అంత అందగాడికి పరీక్షేంటక్కా!"

ఇనెస్ నవ్వాపుకోలేక చెక్కల్ని పట్టుకుని నిలబడిపోయింది.

మూడోరోజు పరీక్ష జరిగింది. అందగాడి బీజకణాల్లో వందకి పది కూడా కదలడం లేదు. పైగా ముసలి ఆంబోతును ఆవుల దగ్గరికి చేరనివ్వకుండా తరిమికొట్టేవాడట. ఆ ముసలిది సందు చూసుకుని పందొమ్మిదింటిని చూడి కట్టించింది.

దెల్మీరా మాతే కషాయం పీలుస్తూ చాలాసేపు ఆలోచించింది. ముందెప్పుడూ ఈత తప్పనివి ఇరవై నాలుగు. వాటిని ఉంచేసింది. అంతకుముందు కూడా తప్పినవి ఏడు లారీ ఎక్కాయి. వాటితో పాటు చక్రవర్తీ ఎక్కాడు. "చట్టం చేసింది ఆవులకిరా. మొగుడి తప్పుకి వాటినెలా శిక్షిస్తాను?" అంది. లారీ కదిలేటప్పుడు బ్రౌలియో ఎక్కడా కనబడలేదు. గొర్రెలకి మందు తాగించాలన్నాడు.

వేరే ఆంబోతును, ఈసారి పరీక్ష చేయించి, తెచ్చారు. మరుసటి మే నెలకి ఆ ఇరవై నాలుగింటిలో ఇరవై రెండు చూడి. వంకరకొమ్మును చూసి "ఇదే అన్నిటికంటే ముందు ఈనేలా ఉంది" అంది ఇనెస్. దెల్మీరా ఆ మధ్యాహ్నం నిప్పుల మీద మాంసం కాలుస్తూ కూనిరాగం తీసింది.

ఇక బ్రౌలియో. ఆ సెప్టెంబరు సంతలో కొలత టేపు పట్టుకుని, ఆంబోతుల వెనక మోకాళ్ల మీద కూర్చుని చూడి కట్టించే సత్తా ఎంతో తేల్చుకోవడానికి వృషణాల చుట్టుకొలత తీస్తూ కనిపించాడు.

"ఏం బ్రౌలియో, దర్జీ పనిలో చేరావా?" అన్నారెవరో.

"నవ్వండి, నవ్వండి! మొహం చూసి పెళ్లి కుదిర్చినోడి బాధ మీకేం తెలుసు?" అని టేపు సర్దుకుని పక్క ఆంబోతు దగ్గరికి జరిగాడు.