నాలుగో ప్లగ్గు

ఆ రోజుల్లో కోడలి చెయ్యి ఎక్కడెక్కడ ఉండాలో ఇంట్లో అందరికీ తెలుసు. పొయ్యి దగ్గర, రోటి దగ్గర, చేపలు తోమే రాయి మీద. నా చెయ్యి మాత్రం ఒకసారి, అదీ కడుపుతో ఉన్నప్పుడు, ఒక ఎర్ర కారు ఇంజనులోకి పోయి మళ్ళీ రానని మొండికేసింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద మాటలు రావు. గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే అరిచే ముసలిదాన్నని మా మనవరాళ్ళు నన్ను చూసి భయపడతారు. అయినా ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నాకే నవ్వు ఆగదు. నవ్వుతోపాటు ఇద్దరు ముగ్గురికి మనసులోనే దండం కూడా పెట్టుకుంటాను.

అప్పటికి మా ఆయన మైపాడు రోడ్డు పక్కన, ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు వేసుకుని కొన్ని నెలలయింది. బోటు ఇంజన్లు, నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేసేవాడు. పని బాగా వచ్చు, వచ్చేవాళ్ళే లేరు. షెడ్డు నడవకపోతే మద్రాసులో తాను పని నేర్చుకున్న చోటికే తిరిగి పోవాలని నిశ్చయించుకున్నాడు. నాకు ఏడో నెల. ఆయన అటు పోతే పురుడు పుట్టింట్లో, బిడ్డ మొహం చూడటం ఎప్పుడో, అంతా దేవుడి దయ. ఆ మాట మా అత్త ముందు ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తకపోయినా ఆమెకు తెలుసు. కొడుకు కంచంలో అన్నం మిగిలిస్తే చాలు, ఆమె ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు.

అట్లాంటప్పుడు వచ్చింది ఆ కారు. మా పక్కన రొయ్యల చెరువులు తవ్వించిన ఒకాయన ఉండేవాడు, అందరూ రొయ్యలన్న అనేవాళ్ళం. రొయ్యలు బాగా పండిన సంతోషంలో ఆయన మద్రాసు నుంచి ఒక పాత విదేశీ కారు తెచ్చుకున్నాడు. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టు ఉండేది, లోపల కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టే. (అంత డబ్బు పోసి పీట మీద కూర్చోవడం ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.) ఇంజను పక్కన నత్తగుల్లలాంటి ఇనుప డబ్బా ఒకటి ఉండేది. అది గాలిని గట్టిగా ఇంజనులోకి ఊదుతుందని, అందుకే ఆ కారుకి అంత ఊపు అని మా ఆయన చెప్పాడు. పేరు టర్బో. మా ఇంట్లో మాత్రం నత్త అనే అనేవాళ్ళం.

కారు నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉంది. తొక్కితే దగ్గుతోంది. టౌనులో ఎవరూ ముట్టుకోలేదట. మా ఆయన చెవి పెట్టి విని, "ప్లగ్గులు అరిగిపోయినాయన్నా. మార్చేస్తే పోతాది" అన్నాడు. రొయ్యలన్న మద్రాసు నుంచి కొత్త ప్లగ్గులు తెప్పించి చేతిలో పెట్టి, "ఇది సరిగ్గా చేసినావనుకో, నా చెరువుల కాడ ఇంజన్లన్నీ నీ చేతికే ఇస్తా. దీని తల పగలగొట్టినావంటే మాత్రం, అబ్బయా, నీ షెడ్డు వైపు కూడా చూడను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మా ఆయన నవ్వలేదు.

ఇంజను చల్లారేదాకా ఆగి మొదలుపెట్టాడు. మూడు ప్లగ్గులు చక్కగా మారాయి. నాలుగోది నత్త వెనక, రెండు గొట్టాల సందులో ఉంది. పొడుగు పానాతో పాతది ఊడదీశాడు. కొత్తది మాత్రం పానాతో మొదలుపెట్టకూడదట. మర అడ్డంగా ఎక్కితే పానాకి తెలియదు, వేళ్ళకైతే తెలుస్తుంది. ప్లగ్గులు దిగే ఇంజను తల అల్యూమినియంది, ఒకసారి అందులో మర పోతే మళ్ళీ రాదు. ఆయన చెయ్యేమో రోకలిబండలా ఉంటుంది. సందులో మణికట్టు దాటలేదు. రబ్బరు గొట్టానికి ప్లగ్గు తగిలించి చూశాడు, వంపు దగ్గర గొట్టం మడత పడింది. చెమటలు పట్టి నిలబడ్డ ఆ మనిషికి మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళాను నేను. షెడ్డులో అడుగు పెట్టొద్దని మా అత్త ఆజ్ఞ. ఆమె చేపల కోసం రేవుకి పోయింది కాబట్టి ధైర్యం చేశాను.

మజ్జిగ తాగి ఆయన నా చేతి వంకే చూస్తూ నిలబడ్డాడు. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను అంత ఇష్టంగా చూడలేదు.

"ఏంది అట్టా చూస్తుండావు?" అన్నాను.

"నీ చెయ్యి పడతాది మే."

శ్రీమంతం అయి వారమైనా కాలేదు. రెండు చేతుల నిండా గాజులు. వాటిని పైకి తోసుకుని, ప్లగ్గు మూడు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి మెల్లగా లోపలికి పోనిచ్చాను. కంటికి ఏమీ కనపడదు. ఆయన పక్కనుంచి, "నెమ్మదిగా. ముందు ఎనక్కి తిప్పు. టక్కుమంటాది. అప్పుడు ముందుకి తిప్పు" అంటున్నాడు. వెనక్కి తిప్పాను, టక్కుమంది. ముందుకి తిప్పితే వెన్నలో పుల్ల దిగినట్టు దిగింది. "పట్టింది" అన్నాను. సరిగ్గా అప్పుడే వెనకనుంచి వినపడింది.

"ఏంది మే ఆ పని?"

మా అత్త. చంకలో చేపల బుట్ట. నేను ఉలిక్కిపడి చెయ్యి లాగాను. పైకి తోసిన గాజులన్నీ గలగలమని మణికట్టు మీదికి జారి గొట్టాల సందులో బిగుసుకుపోయాయి. చెయ్యి రాదు. మళ్ళీ లాగాను, రాలేదు. ఆ గలగల విని రోడ్డున పోయేవాళ్ళు కూడా ఆగారు. రొయ్యలన్న టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. జనం తలా ఒక ఉపాయం చెప్పారు. ఒకాయన కారుని కొంచెం ఊపమన్నాడు. (ఊపి ఉంటే ఏమయ్యేదో ఆ మహానుభావుడికే తెలియాలి.)

"గాజులు చిదిపేయండి. పెట్టె గాజులు నేను కొనిస్తా" అన్నాడు రొయ్యలన్న.

మా అత్త బుట్ట కింద పెట్టింది. "శ్రీమంతం గాజులు పగలగొట్టమంటావా అబ్బయా? నీ కారు పగలగొట్టు."

"పెద్దమ్మా, ఆ గొట్టం ఇరిగితే ఈ దేశంలో దొరకదు."

"నా కోడలు మాత్రం అంగట్లో దొరుకుతాదా?"

జనం నవ్వారు. మా ఆయన నవ్వలేదు, రొయ్యలన్న నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, ఇంక ఈ షెడ్డు పోయినట్టే, ఈయన మద్రాసు పోయినట్టే అని. మా అత్త ఇంట్లోకి పోయి ఆముదం సీసాతో వచ్చింది. నా మోచేతి మీదినుంచి ధారగా పోసింది. చెయ్యి ఇరుక్కుని ఉండి కూడా నేను, "చాలత్తా, అంతా ఒంపేస్తుండావు, నెలకి రావాల" అన్నాను. "నోర్మూయి" అంది. తన సన్నటి వేళ్ళు రెండు సందులోకి పోనిచ్చి ఒక్కొక్క గాజునే నూనెలో తిప్పుతూ ఇవతలికి లాగింది. ఒక్కటి కూడా చిట్లలేదు. అన్నీ మోచేతి దగ్గరికి జరిపి, కొంగు చివర పీలిక చింపి కట్టింది. చెయ్యి వదులైంది. తిట్లకి సిద్ధపడి లాక్కోబోయాను.

మా అత్త నా భుజం పట్టుకుని ఆపింది. "పని అయిందా?"

"లేదత్తా. ఇంకా తిప్పాల."

ఆమె కొడుకు వంక చూసింది. షెడ్డు వంక చూసింది. "అయితే తిప్పేసి తియ్యి. మళ్ళా పెట్టేదెందుకు?" అని బుట్ట ఎత్తుకుని గడపలో కూర్చుంది.

తిప్పాను. ఆనుకునేదాకా తిప్పి చెయ్యి తీశాక మా ఆయన పానా వేసి ఒక్క పిసరు బిగించాడు. కారు స్టార్టు చేసిన కాసేపటికి నత్త వేడెక్కి, దాని మీద పడ్డ ఆముదం కాలి గుప్పుమని పొగ లేచింది. జనం వెనక్కి జరిగారు. పొగ పోయాక రొయ్యలన్న మా ఆయనని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం వైపు పోనిచ్చాడు. సరుగుడు తోట మలుపు తిరిగాక చప్పుడు కూడా వినపడలేదు. మా అత్త చేపలు తోముతూ తోముతూ ఆగింది. కత్తి చేతిలోనే ఉంది, చూపు రోడ్డు మీద ఉంది. చాలాసేపటికి సన్నగా ఈల వేసినట్టు నత్త చప్పుడు వినిపించింది. దగ్గు లేదు. ఆమె మళ్ళీ చేప తోమడం మొదలుపెట్టింది.

రొయ్యలన్న దిగుతూనే, "రేపట్నించి చెరువుల కాడికి రా" అని మా ఆయనతో అన్నాడు. తరవాత మా అత్త దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, కారెక్కితే తలంటు పోసుకున్నట్టుండాది" అన్నాడు. ఇంకొకరైతే కారు పాడుచేశారని గొడవ పెట్టేవాళ్ళు. ఆయన పెట్టలేదు. ఆ ఒక్క మంచితనానికి ఆ కుటుంబం చల్లగా ఉండాలని ఇప్పటికీ అనుకుంటాను. చెరువుల పనితో మా షెడ్డు నిలబడింది. మా ఆయన మద్రాసు పోలేదు. పెద్దది పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు, నూనె మరకల చొక్కాతో.

కారు బాగుపడ్డ ఆ సాయంత్రం పులుసు పోసేటప్పుడు మా అత్త చేప తలకాయ నా కంచంలో వేసింది. అది ఎప్పుడూ కొడుక్కే. నేను తలెత్తి చూస్తే, "తిను, చూస్తావేంది" అంది. షెడ్డు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను ఆమెకు కృతజ్ఞతలు చెప్పిందీ లేదు, చెప్పి ఉంటే ఆమె వినేదీ కాదు.

ఇప్పుడు నా వేళ్ళు బిగుసుకుపోయి సూదిలో దారం కూడా ఎక్కించలేను. ఒక్కోసారి ఆ ఏడో నెల పిల్ల నాకు ఎదురుపడ్డట్టు ఊహించుకుంటాను. ముందు గట్టిగా కేకలేస్తాను, కడుపుతో ఉండి ఆ ఇనుములో చెయ్యి పెట్టేదేంది మే అని. ఆ తరవాత చేతులు కడుక్కోమని పీట వేసి, అన్నం పెడతాను.