బలరాం నంబరు నుంచి

మణుగూరు బస్టాండు పక్క సందులో సరళ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పింఛను దరఖాస్తులు ఆమె పని. ముప్పై ఆరేళ్ల మనిషి, మాట తక్కువ. భర్త బలరాం బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. రెండేళ్ల కింద నిద్రలోనే గుండె ఆగి పోయాడు.

ఆయన ఫోను మాత్రం బతికే ఉంది. బ్యాంకుకీ గ్యాసుకీ అదే నంబరు కాబట్టి సరళ రీచార్జి చేయిస్తూ వచ్చింది. ఓటీపీ చూసుకుని పక్కన పెట్టేసేది. మిగతా మెసేజీలు తెరిచేది కాదు. వాటిలో ఎక్కడో ఓ చోట ఆయన ఇంకా మాట్లాడుతూ ఉంటాడని భయం.

ఈ సంవత్సరం అడవి ఊళ్ల వాళ్లు సర్టిఫికెట్ వచ్చిందో లేదో తెలియక ఊరికే బస్సెక్కి వచ్చి పోతున్నారు. వాళ్లవి బటన్ ఫోన్లు. మామూలు మెసేజ్ తప్ప ఇంకేదీ చేరదు. ఒక్కొక్కరికీ ఫోనులో టైపు చేసి చేసి సరళ బొటనవేలు నొప్పి పెట్టింది. ఫోనును కంప్యూటర్‌కు కలిపితే కీబోర్డు మీదే కొట్టి పంపొచ్చని పక్క జిరాక్స్ షాపు శ్రీదేవి చెప్పింది.

"నీ ఫోనుకు కాల్స్ తెగవు గదక్కా. బావ ఫోను ఖాళీగుంది. రోజుకు వంద ఫ్రీ మెసేజీలు ఉత్తగ పోతున్నయ్," అంది.

ఒప్పుకోవడానికి సరళకు వారం పట్టింది.

కంప్యూటర్‌లో మెసేజీల పేజీ తెరిస్తే నల్లచుక్కల గడి, క్యూఆర్ కోడు, ఒకటి వచ్చింది. బలరాం ఫోను కెమెరాను దాని మీద పెట్టింది. ఫోను చేతిలో వణికింది. మరుక్షణం రెండేళ్ల మెసేజీలు తెర మీద బారుగా దిగాయి. సరళ వాటివైపు చూడలేదు. పని చేస్తుందో లేదో తన నంబరుకే పంపి చూద్దామని "నేనే. చేరిందా?" అని కొట్టి ఎంటర్ నొక్కింది.

ఆమె ఫోను మోగలేదు. తెర చూస్తే, అన్నిటికన్నా పైన తెరుచుకుని ఉన్న పేరుకు వెళ్లిపోయింది మెసేజ్. పోతయ్య, బూర్గంపాడు.

ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. పైకి జరిపి చూసింది. నెలకు ఒకటో రెండో, అన్నీ అటునుంచి వచ్చినవే. 'అన్నా, పిల్ల నడుస్తున్నది.' 'అన్నా, మిరప తోటకు తెగులొచ్చింది.' 'గోదారి మళ్ల పొంగిందన్నా. నువ్వు యాదికొచ్చినవ్.'

చదువుతుండగానే కింద ఇంకోటి వచ్చి పడింది.

'బలరామన్నా?'

పాపం, ఈ మనిషికి ఎవరూ చెప్పలేదనుకుంది సరళ. 'ఆయన లేడు' అని మూడుసార్లు కొట్టి మూడుసార్లూ చెరిపేసింది. ఆ నంబరు నుంచి ఆ మాట పోతే, బలరామే తన చావు తాను చెప్పుకున్నట్టుంటుంది. చివరికి 'అవ్. బాగున్న' అని పంపింది.

అటునుంచి ఇక ఏమీ రాలేదు.

మూడు రోజులు ఆమెకు పని సాగలేదు. పట్టపగలు, జనం కూర్చుని ఉండగానే, కంప్యూటర్ టింగుమంటే ఉలిక్కిపడేది. చనిపోయిన మనిషి చేత అబద్ధం చెప్పించాననిపించేది. తెర మీద తువ్వాల కప్పి, బయట అరుగు మీద కూర్చునేది.

నాలుగో రోజు ఒక సన్నపాటి మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"బలరామన్న ఫోను ఎవలి కాడున్నది?"

పోతయ్యేనని సరళకు తెలిసిపోయింది. "నా కాడనే. నేను ఆయన భార్యను. కూసో అన్నా. నీకు ఎవలూ చెప్పినట్టు లేరు..."

"నాకెర్కే వదినా. చితి కాడ నేను కూడ ఉన్న. ఎనక నిలబడ్డ, నువ్వు చూడలే."

"మరి ఆ మెసేజీలు?"

"ఆ నంబరుకు చెప్పుకుంటే మనసు నిమ్మళమైతది. జవాబు రాదని తెలుసు గద." గొంతు తగ్గించాడు. "వచ్చింది. 'నేనే' అని వచ్చింది. ఆనాటి సంది ముద్ద దిగలే. రాసింది నువ్వేనా?"

"నేనే. తప్పయింది."

పోతయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఊరట కలిగిందో, ఆశ పోయిందో అతని ముఖంలో తెలియలేదు. మంచినీళ్లు తాగాక, ఆయన నీకెట్ల ఎరుకని సరళ అడిగింది.

మూడేళ్ల కింది వరద. పోతయ్య భార్యకు పురిటి నొప్పులు. ఇంట్లో నడుము లోతు నీళ్లు. రోడ్డు మీద జనంలో నిలబడ్డ బలరాం, ఎవరో ఏమిటో అడగకుండా నీళ్లలోకి దిగి, ఆమెను మంచంతో సహా ఎత్తి పోతయ్యతో కలిసి మోసుకొచ్చాడు. దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది.

"నాకు డబల్ డ్యూటీ అని చెప్పిండు," అంది సరళ. "తడిసి వస్తే తిట్టిన."

"'మీ వదినకు చెప్పకు, భయపడ్తది' అన్నడు. అన్నకు ఈత రాదట గద."

ఆయనకు ఈత రాదని సరళకు తెలుసు. చిన్న వాగు దాటాలన్నా ఆమె చెయ్యి పట్టుకునేవాడు.

బస్సు వేళకు పోతయ్య లేచాడు. "ఇగ మెసేజ్ పెట్టాల్నా, మానాల్నా?"

"పెట్టు. నేను జవాబియ్య."

సెంటర్‌కు కొత్త సిమ్ము తీసుకుంది. బలరాం ఫోనును కంప్యూటర్ నుంచి వేరు చేసి ఇంటికి తీసుకుపోయింది. తర్వాతి నెల అది వణికితే ఈసారి తెరిచి చదివింది. 'పిల్ల గోదారిని చూసి భయపడ్తలేదన్నా.'

జవాబు రాయలేదు. రాయకుండా ఉండడానికి చాలాసేపు పట్టింది.