పట్టెతల బాతుల బోణీ

మొన్న కార్తీకంలో ఒకనాడు తెల్లారుతుండగా సత్యనారాయణపేటలో మా మిద్దె మీద కాఫీ లోటా పట్టుకుని నిలబడి ఉంటే, నెత్తి మీదుగా ముక్కుతో పలికినట్టుండే కేకలు వేసుకుంటూ ఒక బాతుల బారు వెళ్ళింది. గనుల లారీల హోరు తగ్గాక ఊళ్ళో ఇలాంటి చప్పుళ్ళు మళ్ళీ వినబడుతున్నాయి. నోటి దాకా వచ్చిన లోటా అక్కడే ఆగిపోయింది. మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మామది బజారులో బట్టల అంగడి. నేనక్కడే పెరిగాను కాబట్టి బేరమాడటం తప్ప మరో విద్య అబ్బలేదు. కొత్తిమీర కట్టకు కరివేపాకు కొసరు రాకపోతే ఆ పూట నాకు అన్నం సయించదని మా ఇంటావిడ ఈనాటికీ దెప్పుతుంది. అలాంటి నన్ను, ఏటా దసరా గిరాకీ ముగిసి కాస్త చలి తిరగ్గానే, ఆదివారం పొద్దున్నే స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని కంప్లి వైపున్న జలాశయానికి తీసుకెళ్ళేవాడు. మంచుకొండలు దాటి వస్తాయే, తెల్లటి తల మీద రెండు నల్ల పట్టెలుండే బాతులు, వాటి కోసం. అంగట్లో బోణీ కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, జలాశయం గట్టు మీదా అదే నియమం పెట్టుకున్నాడు: పట్టెతల బాతు కనబడితేనే బోణీ, బోణీ అయితేనే అత్త కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని డబ్బా మూత తీయడం. ఆకలికి తాళలేక నేను బేరం మొదలుపెట్టేవాణ్ణి.

"ఆ నీటికాకితో బోణీ అనుకుందాం మామా, అది గూడా పక్షే గదా."

"కాకి కాకేప్పా. నీ యవ్వారం అంగట్లో పెట్టుకో, ఈడ సుమ్నే నోర్మూసుకుని కూర్చో."

ఒక్క ఏడాది కూడా ధర దించలేదు. బాతులూ ఆయన పరువు తీయలేదు.

తర్వాత ఇనుప ఖనిజం కాలం వచ్చింది. దారంతా లారీలు, చెట్లన్నీ దుమ్ము పట్టి ఎరుపు. తెల్ల చొక్కాతో బయల్దేరితే ఇటుక రంగులో తిరిగొచ్చేవాళ్ళం. బజారులో మాత్రం అంత గిరాకీ ఎన్నడూ ఎరగం, అందుకని ఆ దుమ్మును తిట్టుకుంటూనే దానికి దండం పెట్టుకున్నాం. అప్పటికే మామకు చక్కెర జబ్బు. పొద్దున మాత్ర వేసుకుంటే వేళకు తినాలి. ఒక ఏడాది ఆయన మాత్ర వేసుకుని బయల్దేరితే, లారీల మధ్య ఇరుక్కుని, ఎండెక్కాక గట్టు చేరాం. నీళ్ళున్నాయి, బాతులు లేవు. లారీల మోతకో, గుట్టల్లో పేలుళ్ళకో, నాకు తెలియదు. మామ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. నుదుట చెమట పట్టింది, చేతులు వణకసాగాయి. ఇక కాసేపైతే సొమ్మసిల్లి పడిపోతాడని నాకు దడ. కొంగను చూపించాను, నీటికాకిని చూపించాను, చివరికి అత్త మీద ఒట్టు పెట్టాను. డబ్బా మూత తీయలేదు. నా బేరాలన్నీ అయిపోయాక, తల తిప్పి నా మొహం చూశాడు.

"సరేలేప్పా... ఆ కాకితోనే బోణీ అనుకుందాం. తియ్ మూత."

తిన్నాడు. వణుకు తగ్గింది. మరుసటి ఏడు చలి తిరిగినా స్కూటరు బయటికి తీయలేదు. అడిగితే అంగట్లో పనుందనేవాడు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు, అంగడీ మూతపడింది.

ఇప్పుడు లారీలు తగ్గాయి, బాతులు వస్తున్నాయి. గెలిచిన బేరాలన్నిటికీ మురిసిపోయిన నాకు, ఆ నీటికాకి బేరం ఒక్కటి మాత్రం తిరిగి ఇచ్చేయాలనిపిస్తుంది. ఈనాటి పెద్ద పెద్ద అంగళ్ళలో కొన్నది నచ్చకపోతే మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటారట. మామ గల్లాపెట్టె పైన మాత్రం, చిన్నప్పుడు నా చేతే రంగుతో రాయించిన పలక ఒకటి వేలాడుతుండేది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.